నలభై నాలుగో త్రికోణం

మా అత్తగారింట్లో తాళంకప్ప ఉండేది కాదు. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. పెళ్లయి తెనాలి వచ్చిన రెండో వారంలో ఇద్దరం సినిమాకి బయల్దేరుతూ, "అత్తయ్యా, తాళం ఎక్కడుందండీ, మీరు కూడా రండి" అన్నాను. ఆవిడ నన్ను వింతగా చూసింది. "చక్రం ఉన్న ఇంటికి తాళం పడకూడదమ్మాయ్. ఎవరో ఒకరు ఉండాలి. మీరెళ్లి రండి, నేనుంటాగా" అంది. ఆ 'ఎవరో ఒకరు' అన్న లెక్కలో నేనూ ఉన్నానని అప్పుడు తట్టలేదు. తట్టి ఉంటే ఆ సినిమా ఇంకొంచెం శ్రద్ధగా చూసేదాన్ని. పేరు కూడా గుర్తు లేదిప్పుడు.

చక్రమంటే శ్రీచక్రం. జానెడు రాగిరేకు మీద చెక్కిన గీతలు. నాలుగు త్రికోణాలు పైకి చూస్తుంటాయి, ఐదు కిందికి. ఆ తొమ్మిదీ ఒకదాన్నొకటి కోసుకుంటే లోపల నలభై మూడు చిన్న త్రికోణాలు ఏర్పడతాయి. నట్టనడుమ బిందువు. త్రికోణాల చుట్టూ ఎనిమిది రేకుల తామర, దాని చుట్టూ పదహారు రేకులది, అన్నిటికీ బయట నాలుగు వాకిళ్ల ప్రహరీ. మొత్తం తొమ్మిది ఆవరణలు. పూజంటే బయటి ప్రహరీ దగ్గర మొదలుపెట్టి, ఒక్కో ఆవరణలో ఉన్న దేవతల పేర్లు చెప్పి కుంకుమ వేస్తూ లోపలికి పోవడం, బిందువు దగ్గర ఆగడం. అక్కడ అమ్మవారు ఉంటుంది. విగ్రహం అమ్మవారి ఒళ్లయితే చక్రం అమ్మవారి ఇల్లని అత్తయ్య చెప్పేది. "రోజూ ఆవిడింటికి వెళ్లడమే ఇది" అనేది. లోపలికి పోయే దారి నాకు నెల రోజులు కూచోబెట్టి నేర్పింది. బయటికి వచ్చే దారి ఆవిడకీ తెలిసినట్టు లేదు.

ఎందుకంటే ఆవిడ ముప్పై ఏళ్లుగా తెనాలి దాటలేదు. రేకు వాళ్ల అత్తగారిది. ఆవిడ చేతకాని రోజుల్లో ఈవిడకి అప్పజెప్పింది. ఈవిడ మోకాళ్లు అరిగిపోయి, కింద కూచుంటే ఇద్దరు పట్టి లేపాల్సిన పరిస్థితి వచ్చేసరికి నేను దొరికాను. కుర్చీలో కూచుని చెయ్యొచ్చు కదండీ అంటే, "బాగుంది, ఆవిడ కంటే ఎత్తున కూచుంటామా?" అని చెంపలేసుకుంది. అలా పెళ్లయిన రెండో ఏడు పీట నా కిందికొచ్చింది. పొద్దున్న ఐదున్నరకి తడిజుట్టుతో కూచుంటే లేచేసరికి ఏడున్నర. పన్నెండింటికి మహానైవేద్యం. సాయంత్రం దీపం. నేను బయట చేరిన రోజుల్లో అత్తయ్యే కూచునేది. ఆవిడ మూలుగు పెరటి దాకా వినపడేది.

రోజూ నా పూజ అయ్యాక ఆవిడ గోడ పట్టుకుని దేవుడి గదిలోకి వచ్చేది. చక్రం వైపు వంగి చూసి, చిటికెడు కుంకుమ వేసి, "నువ్వెళ్లి కాఫీ తాగు" అని నన్ను పంపించి తలుపు దగ్గరగా వేసుకునేది. ఓ పావుగంట అలా నించునే ఉండేది. అది తనిఖీ అనుకున్నాను నేను. ఏ దేవతకి కుంకుమ తక్కువ వేశానో చూస్తోందని ఒళ్లు మండిపోయేది. కాఫీ కూడా చేదుగా ఉండేది.

మా పుట్టిల్లు రేపల్లె. తెనాలిలో ప్యాసింజరెక్కితే గంట, మహా అయితే గంటంపావు. అమెరికా కాదు, అండమాన్ కాదు, రేపల్లె! అయినా పీట ఎక్కాక అక్కడ ఒక్క రాత్రి పడుకోలేదు. చెల్లికి ఆడపిల్ల పుట్టినప్పుడు పన్నెండింటి నైవేద్యం పెట్టి రైలెక్కాను. పిల్లని పది నిమిషాలు ఎత్తుకుని, సాయంత్రం దీపానికి మళ్లీ స్టేషనుకి పరిగెత్తాను. "ఏంటే, పురిటికొచ్చావా, రైలు మారడానికొచ్చావా?" అంది మా అమ్మ. నవ్వుతూనే అంది గానీ నాకు రైల్లో ఏడుపాగలేదు. పక్కనున్న చేపలబుట్టావిడ నిజాంపట్నం నుంచి వస్తోందట, "ఊరుకో తల్లీ, ఎవరు పోయారు?" అని నా వీపు నిమిరింది. ఎవరూ పోలేదు, దీపం వేళవుతోంది అని చెప్పలేక తల ఊపాను.

మావయ్య సంగతి కూడా చెప్పాలి. తాలూకాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. చెడ్డవాడు కాదు. చెయ్యెత్తి ఎరగడు. కానీ ఒకసారి వసారాలో కుర్చీలో కూచున్నాక ఆయన తనంతట తాను లేవగా నేను చూడలేదు. మంచినీళ్ల కుండ ఆయన పక్కనే ఉంటుంది, చెయ్యి చాపితే అందుతుంది. అయినా "ఏమేవ్, మంచినీళ్లు" అని వంటింట్లోకి కేక వెయ్యాల్సిందే. అత్తయ్య కాళ్లీడ్చుకుంటూ వచ్చి, ఆ కుండలోనే ముంచి, ఆయన చేతికిచ్చి పోతుంది. తర్వాత కళ్లజోడు. తర్వాత పేపరు. పూజలో ఉన్న మనిషిని పిలిస్తే కళ్లు పోతాయని మాత్రం ఆయనకి గట్టి నమ్మకం. పీట మీద ఉన్నంతసేపూ నన్నెప్పుడూ పిలవలేదు.

నేను లెక్కల్లో డిగ్రీ చేశాను. టీచర్నవ్వాలని నా కోరిక. అంతకు మించి పెద్ద కోరికలేం లేవు. మూడో ఏడు పూజకీ నైవేద్యానికీ మధ్య చదివి బీఈడీ ఎంట్రన్సు రాశాను. ర్యాంకొచ్చింది. బాపట్లలో సీటిచ్చారు. సోమవారం ఉత్తరం వచ్చింది. శుక్రవారం సాయంత్రం ఐదు లోపల ఒరిజినల్ సర్టిఫికెట్లతో వచ్చి చేరాలి, లేకపోతే సీటు వేరేవాళ్లకి పోతుంది. రోజూ పొద్దున్న ఏడు గంటల బండికి వెళ్లి సాయంత్రం రావచ్చు. ఒక్క ఏడాది. కానీ ఏడు గంటలకి నేను ఏ ఆవరణలో ఉంటాను? పన్నెండింటికి నైవేద్యం ఎవరు పెడతారు?

మా ఆయన మందుల కంపెనీ రిప్రజెంటేటివ్. వారంలో నాలుగు రోజులు ఊళ్లు తిరుగుతూనే ఉంటాడు. ఫోన్ చేస్తే, "నాకేం అభ్యంతరం లేదు, అమ్మనడుగు" అన్నాడు. అమ్మనడిగితే, "నాదేముందమ్మాయ్, మీ మావయ్యనడుగు" అంది. మావయ్యనడిగితే పేపర్లోంచి తలెత్తి, "చదువుకోవద్దని ఎవరన్నారమ్మా? ఇంట్లో చక్రం ఉంది కదా మరి" అన్నారు. ముగ్గురూ ఎంత మంచివాళ్లో చూడండి! ఒక్కరూ వద్దనలేదు. వద్దన్నది రాగిరేకు.

బుధవారం మధ్యాహ్నం శుక్రవారం పూజ కోసం ఆ రేకు తోమడానికి కూచున్నాను. మామూలుగా చింతపండు రాసి, పైపైన రుద్ది కడిగేస్తాను. ఆ రోజు కోపం. పాత టూత్‌బ్రష్ తీసుకుని, గీతల్లో ఏళ్ల తరబడి గట్టిపడిపోయిన కుంకుమంతా కసిగా గీకి పారేశాను. ఇంట్లో మనుషుల మీద చూపించలేనిదంతా ఆ రేకు మీద చూపించాను. కడిగి వెలుతురులో పెట్టి చూస్తే కుడివైపు ఒకచోట ఏదో తేడాగా కనిపించింది. మూడు గీతలు ఒకే బిందువులో కలవాల్సిన చోటు అది. చెక్కినవాడి చెయ్యి వెంట్రుకవాసి తప్పింది. మూడూ ఒకచోట కలవకపోతే ఏమవుతుందో లెక్కలు చదివినవాళ్లకి చెప్పనక్కర్లేదు. వాటి మధ్య నువ్వుగింజంత కొత్త త్రికోణం పుడుతుంది.

పిన్నీసు మొన పెట్టి లెక్కపెట్టాను. నలభై నాలుగొచ్చాయి. బిందువుతో కలిపి నలభై నాలుగని చెప్పేవాళ్లున్నారు, అందుకని బిందువు వదిలేసి మళ్లీ లెక్కపెట్టాను. నలభై నాలుగే. ఇంకో రెండుసార్లు. ఓరి దేవుడా, అనుకున్నాను. గీత తప్పిన చక్రం పూజకి పనికిరాదని అత్తయ్యే కదా నాకు మొదటి రోజు చెప్పింది! ఈ మాట మావయ్య చెవిన వేస్తే చాలు, చక్రం నీళ్లలోకి, నేను రైల్లోకి. ఆ సంతోషంలో రాత్రి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

అయితే ముందు అత్తయ్యకి చెప్పడం మర్యాద కదా. గురువారం ఆవిడ వంటింటి గడప దగ్గర కూచుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే, నేనూ ఎదురుగా కూచున్నాను.

"అత్తయ్యా, చక్రంలో నలభై మూడు ఉండాలి కదండీ?"

"ఉండాలి."

"బిందువు కలపకుండా?"

"కలపకుండానే."

"మనదాంట్లో నలభై నాలుగున్నాయి."

ఆవిడ చెయ్యి ఆగింది. ఏడుస్తుందనుకున్నాను. అపచారం అని నా నోరు మూస్తుందనుకున్నాను. ఆవిడ ఇంకో చిక్కుడుకాయ తీసుకుని, "ఎన్నిసార్లు లెక్కపెట్టావ్?" అంది.

"నాలుగుసార్లండి."

"నేను ఆరుసార్లు" అంది.

నేను ఇంకాస్త ముందుకి జరిగి కూచున్నాను.

"మా అత్తగారు నాకు పీట ఇచ్చిన ఏడాదే చూశా. నీకులాగే తోముతుంటే కనపడింది. చెబ్దామనే వసారా దాకా వెళ్లా" అంది అత్తయ్య. "చెబితే రేకు తీసుకెళ్లి నీళ్లలో కలుపుతారు. కలిపితే ఇంక పీటేముంది? నన్నెవరూ పిలవని చోటు ఈ ఇంట్లో అదొక్కటేనే. స్నానాలగదిలో ఉన్నా పిలుస్తారు. పీట మీద ఉంటే మా అత్తగారు కూడా పిలిచేది కాదు. వెనక్కొచ్చేశా."

"భయం వెయ్యలేదా అత్తయ్యా?"

"ఎందుకెయ్యదు? మీ ఆయనకి చిన్నప్పుడు టైఫాయిడ్ వస్తే మూడు వారాలు చచ్చి బతికా, నా పాపమే కొట్టిందని. తగ్గింది. అమ్మవారికి నా మీద కోపం లేదులే అనుకున్నా." ఈనె తీసి పక్కన పడేసి, గొంతు తగ్గించింది. "నలభై మూడింటికీ దేవతలున్నారు, పేర్లున్నాయి. దానికి పేరు లేదు. తప్పులో పుట్టింది కదా. ఇది నాదిలే అనుకున్నా. అందరికీ వేశాక చిటికెడు దాంట్లో వేసి, కాసేపు ఊరికే కూచునేదాన్ని. ఏమీ కోరుకునేదాన్ని కాదు."

అప్పుడర్థమైంది ఆ తనిఖీ ఏంటో. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మోకాళ్లు పోయాక ఆ రెండు గంటలూ నీకిచ్చా. ఇవ్వడానికి నా దగ్గర ఇంకేముంది?" అంది ఆవిడ.

చూశారా! నేను జైలనుకున్నది ఆవిడ నాకు కానుకగా ఇచ్చిందట. కోపం రావాలి కదా, వచ్చింది కూడా. మరి నా సీటు? నా బతుకు? మీ పావుగంట కోసం నేను ముసలిదాన్నయ్యేదాకా ఇక్కడే కూచోవాలా? ఇవన్నీ గొంతు దాకా వచ్చాయి. ఆవిడ ఆ అరిగిపోయిన మోకాళ్లు చాపుకుని, మెడ వంచుకుని, చిక్కుడుకాయల్లో పుచ్చులు ఏరుతోంది.

"మీ మావయ్యకి చెబుతావా?" అంది తలెత్తకుండా.

"తెలీదండి" అన్నాను. నిజంగానే తెలియదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చెబితే ఆవిడకున్న ఒక్క చోటూ పోతుంది, చెప్పకపోతే నా సీటు పోతుంది. ఆవిడ చిక్కుళ్లు గిన్నెలోకి ఎత్తుకుని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

శుక్రవారం పొద్దున్న తలంటుకుని పీట మీద కూచున్నాను. చెప్పకూడదని తేల్చుకున్నాను. గొప్ప త్యాగమేమీ కాదు, నోరు రాలేదంతే. ప్రహరీ దాటాను, తామరరేకులు దాటాను. పద్నాలుగు త్రికోణాల ఆవరణకి వచ్చేసరికి కళ్లలో నీళ్లు నిండి ఏ కుంకుమ ఎవరికి వేస్తున్నానో కనపడలేదు. సరిగ్గా అప్పుడు వసారాలోంచి అత్తయ్య గొంతు వినపడింది.

"ఏవండీ, చక్రంలో గీత తేడాగా ఉన్నట్టుంది. అంగలకుదురు పూజారిగారిని ఒకసారి రమ్మనండి."

కుంకుమ చేతిలోనే ఉండిపోయింది. మావయ్య కేకలు, ఫోను, మళ్లీ కేకలు. గంటలో పూజారిగారు మోపెడ్ మీద దిగారు. పెద్దాయన. దర్భపుల్ల మొనతో ఒక్కో త్రికోణం తాకుతూ లెక్కపెట్టి, నువ్వుగింజ దగ్గర ఆగిపోయారు. "మర్మం కలవలేదండీ" అన్నారు. మూడు గీతలు కలిసే చోటుని మర్మం అంటారట, ఒంట్లో కీలులాంటిదట. అది తప్పితే అమ్మవారి ఒంటికే నొప్పట. "ఇంతకాలం ఎవరూ చూసుకోలేదా?" అన్నారు.

మావయ్య అత్తయ్య మీద విరుచుకుపడ్డారు. "ముప్పై ఏళ్లు ముక్కు ముందు పెట్టుకుని కూచున్నావ్! కళ్లు మూసుకుపోయాయా?"

"కనపళ్లేదండి" అంది అత్తయ్య.

నేను నోరు తెరవబోయాను. ఆవిడ నా కొంగు పట్టి లాగింది. పూజారిగారి ముందు, పాలుపోసే అతని ముందు, ఆ మాటలన్నీ పడింది.

ఉద్వాసన అనే మాట అప్పటిదాకా పేపర్లోనే చూశాను, ఎవరినో పదవిలోంచి పీకేశారన్న వార్తల్లో. అసలు ఉద్వాసన ఆ రోజు చూశాను. మీరు ఇక దయచేయండి అని అమ్మవారిని సాగనంపే తంతు అది. అక్షతలు వేసి, మంత్రం చెప్పి, రేకుని ఓ అంగుళం పక్కకి జరిపారు. అంతే. ముప్పై ఏళ్లు మమ్మల్ని గడప దాటనివ్వనిది ఒక్క అంగుళంతో అయిపోయింది. "ఇక ఇది వట్టి రాగి. సముద్రంలో గానీ పారే నీళ్లలో గానీ కలిపెయ్యండి" అని పూజారిగారు పసుపుగుడ్డలో చుట్టి ఇచ్చారు.

"కాలవలో పడేస్తే సరి" అన్నారు మావయ్య.

"కాలవకి నీళ్లు కట్టేస్తే బయటపడి ఎవరి కాళ్ల కిందకన్నా వస్తుంది" అంది అత్తయ్య. అని, బియ్యం నిండుకున్నాయని చెప్పినంత మామూలుగా, "ఈ పిల్ల ఇవాళ బాపట్ల వెళ్తోందిగా, సీటుకి. సూర్యలంక అక్కడికి దగ్గరే. సముద్రంలో కలిపి వస్తుంది" అంది.

మావయ్య నా వైపు చూశారు. ఏదో అనాలని చూశారు గానీ, ఆయన చూపించిన కారణం పసుపుగుడ్డలో ఉంది మరి. "త్వరగా వచ్చెయ్యమ్మా" అన్నారు.

మధ్యాహ్నం బండికి వెళ్లాను. సంచిలో పైన సర్టిఫికెట్లు, అడుగున చక్రం. మూడింటికల్లా కాలేజీలో సంతకాలన్నీ పూర్తయ్యాయి. రసీదు చేతిలోకొస్తే ఎగిరి గంతెయ్యాలి కదా, వెయ్యలేదు. ఆటో మాట్లాడుకుని సూర్యలంక వెళ్లాను. చీర మోకాళ్ల దాకా ఎత్తుకుని నీళ్లలోకి దిగి గుడ్డ విప్పాను. ఎండకి రేకు తళతళలాడింది. నేనే కదా అంత బాగా తోమింది. విసరడానికి చెయ్యెత్తాను. చెయ్యి దిగలేదు. 'కనపళ్లేదండి' అన్న మాటే చెవుల్లో ఉంది. ఆరుసార్లు లెక్కపెట్టిన మనిషి ఆ మాటంది, నా కోసం. అలలు రెండుసార్లు వచ్చి నా చీర తడిపి పోయాయి. రేకుని మళ్లీ గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను.

ఇంటికొచ్చేసరికి మావయ్య కుర్చీలోనే ఉన్నారు. "కలిపావా?"

"కలిపానండి" అన్నాను. అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని నాకు తెలియదు.

అత్తయ్య వంటింట్లో ఉంది. సంచిలోంచి తీసి ఆవిడ ఒళ్లో పెట్టాను. గుడ్డ విప్పి చూసి అదిరిపడింది. "ఇదేంటే! ఉద్వాసన చెప్పినదాన్ని మళ్లీ ఇంట్లోకి తెస్తావా? పాపం కాదూ!"

"వట్టి రాగే అన్నారుగా పూజారిగారు. నలభై మూడు ఇళ్లూ ఖాళీ చేసి వెళ్లిపోయారు అత్తయ్యా. నలభై నాలుగోదాన్ని ఖాళీ చెయ్యమని ఎవరూ చెప్పలేదుగా."

ఆవిడ ఆ నువ్వుగింజ మీద వేలు పెట్టింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, వసారాలోకి వినపడకుండా. నాకూ ఆగలేదు. కాసేపటికి ముక్కు తుడుచుకుని, "కింద కూచోలేనుగా" అంది.

"కుర్చీ వేసుకోండి. ఎత్తుపల్లాలు చూడ్డానికి ఇప్పుడక్కడ ఎవరున్నారు?"

ఏడుపులో నవ్వింది. "నీకు నోరెక్కువే" అంది.

సోమవారం మొదటి క్లాసు. ఆరున్నరకి క్యారియర్ పట్టుకుని వసారాలో చెప్పులేసుకుంటున్నాను. వెనక అత్తయ్య ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకుంటూ దేవుడి గదిలోకి వెళ్లింది. మావయ్య మామూలుగానే కేకేశారు. "ఏమేవ్, మంచినీళ్లు!"

"అత్తయ్య పూజలో ఉన్నారు మావయ్యా. కుండ మీ పక్కనే ఉంది" అన్నాను.

"ఇంకా పూజేంటి? చక్రం సముద్రంలో పడేశాక!"

నేను రెండో చెప్పు వేసుకున్నాను. బండికి టైమవుతోంది. మెట్లు దిగుతుంటే దేవుడి గది తలుపు మూసుకుని, లోపల్నుంచి గడియ పడ్డ చప్పుడు వినిపించింది.